కొలతల రిజిస్టర్

ఏనుమాముల మార్కెట్ దిక్కు మా మిర్చి గోదాము పని, ఈసారి అన్నీ కాగితం మీద రాసుకున్నంకనే షురూ చేసినం. ఏ పని అయితే ఎంత బిల్లు, ఎవరు కొలవాలె, లేటైతే ఎంత కోత. 1872 కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందం తప్పితే, కోత కింద రాసుకున్న మొత్తం కంటే ఎక్కువ పరిహారం రాదు. అందుకే ఆ అంకె కాడ చానాసేపు కూసున్నం.

స్లాబు పోసినంక దాని మీద పరిచిన తడి గోనెసంచులు రోజూ పొద్దుగాల ముట్టి చూస్తున్న. పీపీసీ (బూడిద కలిపిన) సిమెంటుకు ఈ ఎండలల్ల 14 రోజులు తడి ఆరొద్దు. ఎండి కనవడితే అప్పుడే రిజిస్టర్ల రాసి మేస్త్రి సంతకం తీసుకుంట.

"నా మీద నమ్మకం లేదా అన్నా?" అన్నడు.

"నీ బిల్లు ఆగొద్దనే రాస్తున్న తమ్మీ" అన్న. నిజంగ అదే నా ఆలోచన. మొన్నటి బిల్లు ఒక్క మాట పెరగకుంట పాసైంది, కూలోళ్లకు శనివారమే పైసలు ముట్టినయ్.

బిల్లులకెళ్లి ఆపిన 5 శాతం మాత్రం ఒక వానకాలం పోయినంకనే ఇస్తం. కప్పు కారుడు అప్పుడే బయటపడ్తది.