తుపాను డబ్బుకి విడిగా ఓ ఖాతా

2014లో హుద్‌హుద్ చూసిన విశాఖ వాణ్ణి. అమెరికాలోని సౌత్ కరోలినాలో ఇల్లు కొన్నా తుపాను పీడ వదల్లేదు. ఇక్కడ గాలి కంటే నన్ను భయపెట్టింది బీమా కాగితంలోని హరికేన్ డిడక్టిబుల్, అంటే తుపాను నష్టానికి బీమా కంపెనీ ఇచ్చేముందు మనం భరించాల్సిన మొత్తం. మా పాలసీలో అది ఇంటి బీమా విలువలో 2 శాతం. అంటే 4 లక్షల డాలర్ల ఇంటికి ముందు 8,000 మన జేబులోంచే!

దీనికోసమే ఈ రాష్ట్రంలో ‘కెటాస్ట్రఫీ సేవింగ్స్ అకౌంట్’ (విపత్తు పొదుపు ఖాతా) ఉంది. మనం ఉంటున్న సొంతింటికే, అద్దెకిచ్చినదానికి కాదు. అందులో వేసిన డబ్బుకీ, దానిమీద వడ్డీకీ రాష్ట్ర ఆదాయపు పన్ను ఉండదు. డిడక్టిబుల్ 1,000 డాలర్లు దాటకపోతే 2,000 వరకు, దాటితే డిడక్టిబుల్‌కి రెట్టింపు వరకు దాచుకోవచ్చు. ఎంతైనా 15,000 మించకూడదు. తుపానుకో వరదకో ఇల్లు దెబ్బతింటే తీసి వాడాలి. వేరే పనికి తీశామా, పన్నుతోపాటు ఇంకో 2.5 శాతం కట్టాలి.

బ్యాంకులో అడిగితే ఆ పేరే వినలేదన్నారు. నిజానికి మామూలు సేవింగ్స్ ఖాతానే, పేరు మాత్రం అలా రాయించాలి. చట్టం ప్రింటు తీసి చూపించాక గానీ పని కాలేదు.

ఫెడరల్ (కేంద్ర) పన్నులో మాత్రం ఒక్క సెంటు తగ్గదు. 2025లో రాష్ట్రపు గరిష్ఠ పన్ను రేటు 6 శాతం లెక్కన 8,000 మీద మిగిలేది 480. ‘ఇంతేనా’ అంది మా ఆవిడ. ఆ డబ్బు కొత్త కారు డౌన్‌పేమెంటులోకి జారిపోకుండా ఉంటే నాకదే పదివేలు. అలబామా, మిసిసిపీల్లోనూ ఇలాంటివి ఉన్నాయి. అటు ఉన్న మనవాళ్ళు పన్ను లెక్కలు చూసే అకౌంటెంటుని (సీపీఏ) ఓసారి అడగండి.