హార్ట్‌ఫర్డ్‌లో కాలేజీయా? – నా అనుభవం

అమెరికాలోని కనెక్టికట్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్లలో చాలామందికి అన్నం పెట్టింది ఆ రాష్ట్ర రాజధాని హార్ట్‌ఫర్డే. ట్రావెలర్స్, ఏట్నా, ది హార్ట్‌ఫర్డ్ లాంటి ఇన్సూరెన్స్ కంపెనీల ఐటీ పనుల కోసమే మాలో ఎక్కువమంది ఈ చలి రాష్ట్రానికి వచ్చాం. అయినా ఆ ఊళ్లో ఇల్లు కొన్నవాళ్లు మా స్నేహితుల్లో ఒక్కరూ లేరు. మొదట శివార్లలోని రాకీ హిల్‌లో అపార్ట్‌మెంట్, పిల్లలు బడికి వచ్చేసరికి సౌత్ విండ్సర్‌లోనో గ్లాస్టన్‌బరీలోనో సొంతిల్లు. పొద్దున హైవే దిగి పార్కింగ్ గరాజ్‌లోకి, సాయంత్రం గరాజ్‌లోంచి హైవే మీదికి. ఏళ్ల తరబడి నాకు తెలిసిన హార్ట్‌ఫర్డ్ అంతే.

అలాంటి ఇంట్లో పుట్టిన మా అమ్మాయి, కాలేజీల జాబితాలో మొదటి పేరుగా హార్ట్‌ఫర్డ్‌లోని ట్రినిటీ కాలేజీని రాసింది.

"ఏవండీ, ఆ చుట్టుపక్కల రాత్రిపూట మీరే కారు ఆపరు. పిల్లని నాలుగేళ్లు అక్కడ ఉంచుతారా?" అంది మా ఆవిడ. తెనాలి నుంచి మా అత్తయ్యగారి అభ్యంతరం వేరు. బీయే చదవడానికి అంత డబ్బెందుకని ఆవిడ అడిగారు. నిజానికి ట్రినిటీలో ఇంజినీరింగ్ డిగ్రీ కూడా ఉంది, ఇలా సైన్సూ ఆర్ట్సూ కలిపి డిగ్రీ చెప్పే చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీల్లో అది అరుదు. కానీ మా అమ్మాయికి కావలసింది అది కాదు. ప్రభుత్వ విధానాలు, నగరాలు, చట్టాలు చదవాలి. రాష్ట్ర శాసనసభ ఉండే క్యాపిటల్ భవనం క్యాంపస్‌కు దగ్గర్లోనే ఉంది, విద్యార్థులు అక్కడ శాసనసభ్యుల దగ్గర ఇంటర్న్‌షిప్ చేస్తారు. 1823లో మొదలైన ఈ కాలేజీ మొదట ఉన్నది సరిగ్గా ఆ క్యాపిటల్ స్థలంలోనే. ఆ జాగా అమ్మేశాక 1878లో ఇప్పటి కొండమీదికి మారింది. మొత్తం విద్యార్థులు సుమారు 2,200 మంది. తను ఆ కాలేజీ అడిగేది ఊళ్లో ఉందని, మేం వద్దనేదీ ఊళ్లో ఉందనే. ఇక రాజీ ఎక్కడ?

మా ఆవిడకు నచ్చింది న్యూయార్క్ రాష్ట్రం ఉత్తర భాగంలో, పొలాల మధ్య ఉన్న ఇంకో చిన్న కాలేజీ.

అందరిలాగే మేమూ ముందు "ప్రమాదకరమైన నగరాలు" జాబితాలు చూశాం. వాటి మీద నాకు పెద్దగా గౌరవం లేదు. తన గణాంకాలతో నగరాలకు ర్యాంకులు కట్టొద్దని, దేశమంతటి నేరాల లెక్కలు పోగుచేసే కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐయే చెబుతుంది. దానికి కారణం హార్ట్‌ఫర్డ్‌ను చూస్తే తెలుస్తుంది. ఊరి విస్తీర్ణం సుమారు 18 చదరపు మైళ్లే, 2020 జనాభా లెక్కల ప్రకారం సుమారు 1,21,000 మంది. డబ్బున్న పేటలన్నీ వెస్ట్ హార్ట్‌ఫర్డ్ లాంటి వేరే ఊళ్ల కింద లెక్క. నాలాగా పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాళ్లం నేరాల రేటు కట్టే జనాభాలో ఉండం, మా కారు అద్దం పగిలితే మాత్రం ఆ కేసు ఊరి ఖాతాలో పడుతుంది. పేదరికం లేదనీ, తుపాకుల గొడవ లేదనీ అనను. ఉంది. కానీ ఆ ర్యాంకు చూసి పంతొమ్మిదేళ్ల పిల్ల రాత్రి తొమ్మిదికి లైబ్రరీ నుంచి గదికి ఎలా వెళ్తుందో తెలుసుకోలేం.

నాకు పనికొచ్చింది కాలేజీల భద్రతా నివేదిక. అమెరికాలో ప్రభుత్వ ఆర్థిక సాయం తీసుకునే ప్రతి కాలేజీ ఏటా అక్టోబర్ 1లోగా దీన్ని బయటపెట్టాలి. మూడేళ్ల నేరాల లెక్కలు ఉంటాయి. దీని వెనక క్లెరీ చట్టం, ఆ చట్టం వెనక ఒక అమ్మాయి ఉన్నారు. జీన్ క్లెరీని 1986లో పెన్సిల్వేనియాలోని లీహై యూనివర్సిటీలో, తన హాస్టల్ గదిలోనే చంపేశారు. చంపింది అదే యూనివర్సిటీ విద్యార్థి. మూసి ఉండాల్సిన హాస్టల్ తలుపులకు ఎవరో అడ్డుపెట్టి తెరిచి ఉంచితే, వాటిలోంచి లోపలికి వచ్చాడు. తల్లిదండ్రుల పోరాటంతో 1990లో చట్టం వచ్చింది. ఇదంతా చదువుతుంటే నన్ను ఆపేసిన వివరం ఇంకొకటి ఉంది. ఆ అమ్మాయి అన్నలు న్యూ ఆర్లియన్స్‌లోని టులేన్ యూనివర్సిటీలో చదివారు. అక్కడ క్యాంపస్ బయట ఒక విద్యార్థిని హత్య జరిగిందని తెలిసి, తల్లిదండ్రులు కూతురికి ఆ కాలేజీ వద్దనుకుని, ప్రశాంతంగా కనిపించిన లీహైని ఎంచుకున్నారు. ఆ పేరా మా ఆవిడకు చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఆ పొలాల కాలేజీ రిపోర్టు కూడా తియ్యండి" అంది.

తీశాం. ఈ నివేదిక చదవడానికి కొంచెం ఓపిక కావాలి. క్యాంపస్ మొత్తం, అందులో హాస్టళ్లు, కాలేజీకి చెందిన బయటి భవనాలు, క్యాంపస్‌ను ఆనుకున్న వీధులు అని నాలుగు గడులు. రెండు వీధుల అవతల ఎవరి ఫోనైనా లాక్కుంటే అది ఇందులో కనిపించదు, దానికి నగర పోలీసుల డేటా వేరుగా చూసుకోవాలి. హాస్టల్ గడి మాత్రం ప్రతి తల్లీతండ్రీ చూడాల్సిందే. లైంగిక దాడులు, వెంటపడి వేధించడం, మద్యం కేసులు అక్కడ తేలతాయి. పొలాల మధ్య ఉన్నా ఆ కాలేజీకి ఆ గడి ఖాళీగా లేదు. అంకె పెద్దదైతే భయం, సున్నా అయితే ధైర్యం అనుకోవడానికీ లేదు. ఫిర్యాదు చేస్తే వింటారన్న నమ్మకం ఉన్నచోట అంకె పెరుగుతుంది. పిల్లలు నోరు విప్పని చోట సున్నా ఉంటుంది.

ఇంకో సంగతి మన వాళ్లకు పెద్దగా తెలియదు. సొంత పోలీసులో సెక్యూరిటీ విభాగమో ఉన్న కాలేజీలు రోజువారీ నేరాల లాగ్ రాయాలి. గత 60 రోజులది ఆఫీసు వేళల్లో ఎవరు అడిగినా చూపించాలి, విద్యార్థి కానక్కర్లేదు. ఏం జరిగింది, ఎప్పుడు, సుమారుగా ఎక్కడ, కేసు ఏమైంది అని ఉంటుంది. లాగ్ చూశాక నా ప్రశ్నలే మారిపోయాయి. "సేఫేనా" అని అడగడం మానేసి, పిల్లల్ని దింపే కాలేజీ బండి, అంటే రాత్రి షటిల్, ఎన్నింటి దాకా ఉంటుంది, పిలిస్తే ఎంతసేపట్లో వస్తుంది, హాస్టల్ తలుపు కార్డు పోతే ఎంత త్వరగా ఆపేస్తారు, హెచ్చరిక మెసేజ్ పిల్లలకు ఏ దశలో పంపుతారు అని అడగడం మొదలుపెట్టాను.

పగటి టూర్‌లో చాపెల్, లాంగ్ వాక్ అనే పాత రాతి భవనాల వరుస చూపిస్తారు. చూసి మురిసిపోతాం. మాకు రాత్రి కావాలి. క్యాంపస్‌లోనే సినీస్టూడియో అని 1970లో విద్యార్థులు మొదలుపెట్టిన సినిమా హాలుంది, బయటివాళ్లూ టికెట్ కొనుక్కుని వెళ్లొచ్చు. ఒక శుక్రవారం రెండో ఆటకు ముగ్గురం వెళ్లాం. సినిమా నాకు ఎక్కలేదు. బయటికి వచ్చాక మా ఆవిడ దీపాలు చూసింది, ఎమర్జెన్సీ ఫోన్ స్తంభాలు ఎక్కడున్నాయో చూసింది, ఆడపిల్లలు గుంపుగా నడుస్తున్నారా ఒంటరిగానా అని చూసింది. మర్నాడు పగలు బ్రాడ్ స్ట్రీట్, పార్క్ స్ట్రీట్ నడిచాం. ప్వెర్టో రికో వాళ్ల బేకరీలు, మంగలి షాపులు, చర్చి నుంచి వస్తున్న కుటుంబాలు. ఇన్నేళ్లూ నా ఆఫీసు కిటికీలోంచి అదంతా "ఆ వైపు".

తెలిసినవాళ్ల ద్వారా అక్కడ మూడో ఏడు చదువుతున్న ఒక అమ్మాయితో మావాళ్లిద్దరూ మాట్లాడారు. నన్ను రానివ్వలేదు, నాన్న ఉంటే ఆ పిల్ల నిజం చెప్పదట. వీధుల గురించి తను చెప్పింది తక్కువ: చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒంటరిగా తిరగొద్దు, ఆలస్యమైతే షటిల్ పిలువు. ఎక్కువసేపు మాట్లాడింది పార్టీల గురించి. ఎవరితో వెళ్తావో వాళ్లతోనే తిరిగి రా, గ్లాసు వదలకు అని. ఇంటికొచ్చాక మా ఆవిడ "ఈ మాటలు ఆ పొలాల కాలేజీకీ వర్తిస్తాయి కదండీ" అంది. టెన్షన్ పోలేదు, సగం ఆ పొలాల కాలేజీ మీదికి మళ్లింది.

ఎర్లీ డెసిషన్ మాత్రం వద్దన్నాను. అందులో సీటొస్తే చేరతామని ముందే మాటివ్వాలి, వేరేచోట ఎంత సాయం ఇస్తారో పోల్చుకునే వీలుండదు. ఖర్చు ఏడాదికి 80 వేల డాలర్లు దాటిన చోట మాలాంటి వాళ్లకు ఆ పోలిక ముఖ్యం. మామూలు గడువులోనే రెండింటికీ దరఖాస్తు పెట్టాం, రెండింట్లోనూ సీటొచ్చింది. పొలాల కాలేజీ గ్రాంట్ కాస్త ఎక్కువ, కానీ శీతాకాలం నాలుగు నెలలు కారు లేకుండా కదల్లేం. మే 1 గడువుకు ముందు ట్రినిటీకి డిపాజిట్ కట్టేశాం. ఫోన్‌లో లొకేషన్ రోజంతా కనిపించాలని వాళ్లమ్మ, అసలు కుదరదని ఇది. చివరికి రాత్రి పదకొండు దాటి బయట ఉంటే ఆన్ చేస్తానని ఒప్పుకుంది. రెండో ఏడు క్యాంపస్ బయట ఇల్లు తీసుకుంటానంటే మళ్లీ మాట్లాడుకోవాలి.

మొన్న మిడిల్‌టౌన్ సత్యనారాయణ స్వామి గుడిలో ప్రసాదం దగ్గర ఒక పెద్దాయన పట్టుకున్నారు. "హార్ట్‌ఫర్డ్‌లో వేశారటగా, సేఫేనా అండీ?" అని. రిపోర్టు, లాగ్, గడులు అన్నీ చెప్పాను. ఓపిగ్గా విన్నారు. వాళ్లబ్బాయి ఎక్కడ అని అడిగితే బోస్టన్ అన్నారు. ఆ కాలేజీ రిపోర్టు చూశారా అన్నాను.

"ఎందుకండీ, బోస్టన్ కదా!" అన్నారు.