కొత్త టీచర్ దసరా దాటాలంటే

విశాఖలో మధురవాడ నుంచి గాజువాక దాకా ప్రైవేటు స్కూళ్లలో జూన్ 12న చేరిన కొత్త టీచర్లలో కొందరు దసరా సెలవులకు వెళ్లి మళ్లీ రారు. జీతం ఒక కారణమే, కాదనను. క్లాసు చేజారిపోతుంటే అడగడానికి మనిషి లేకపోవడం కూడా అంత పెద్ద కారణమే.

అలా అడగడానికి కొత్త టీచర్‌కి ఒక సీనియర్ టీచర్‌ని, అంటే మెంటర్‌ని, జత చేయాలి. మెంటర్‌ది అదే సబ్జెక్టు అయి ఉండాలి. లెక్కల టీచర్‌కి తెలుగు మాస్టారిని వేస్తే ధైర్యం చెబుతారు గానీ, భిన్నాల దగ్గర పాఠం ఎక్కడ తప్పుతోందో చూపించలేరు. అమెరికా టీచర్ల మీద స్మిత్, ఇంగర్సోల్ అనే పరిశోధకులు 2004లో ప్రచురించిన అధ్యయనంలో కూడా అదే సబ్జెక్టు మెంటర్, తోటివాళ్లతో కలిసి ప్లాన్ చేసుకునే సమయం దొరికినవాళ్లే మొదటి ఏడాది చివర తక్కువగా మానేశారు.

సమయం అంటే టైమ్‌టేబుల్లో ఇద్దరికీ కలిసే లీజర్ పీరియడ్. అది జూన్‌లోనే పడాలి, దాంట్లో సబ్‌స్టిట్యూషన్ వేయకూడదు. ఎవరో సెలవు పెడతారు, కొత్త టీచర్నే పంపుతారు, ఏర్పాటంతా అక్కడితో ఆగిపోతుంది. మెంటర్‌కి కూడా వారానికి రెండు పీరియడ్లు తగ్గించాలి: ఒకటి క్లాసు చూడటానికి, ఒకటి మాట్లాడటానికి.

మొదటి ఎనిమిది వారాలు, వారానికొక క్లాసు చివరి బెంచీలో కూర్చుని చూడాలి. ఏడో తరగతిలో భిన్నాల కూడిక అనుకోండి. "అర్థమైందా?" అనగానే క్లాసంతా "అర్థమైంది సార్" అని రాగం తీస్తుంది. అదే నిమిషంలో పక్కనున్న పిల్లాడి నోట్సులో 1/2 + 1/3 = 2/5 అని ఉంటుంది. పైవి పైన, కిందవి కింద కలిపేశాడు. మెంటర్ ఆ లెక్కను ఉన్నదున్నట్టు ఎక్కించుకుని ఆ రోజే టీచర్‌కి చూపించాలి. మర్నాటికి మార్చుకోవాల్సింది ఒక్కటే చెప్పాలి: "అర్థమైందా" మానేసి, బోర్డు మీద ఒక లెక్క ఇచ్చి, చివరి బెంచీ నుంచి ముందుకు నోట్సులు చూసుకుంటూ రావడం. సగానికి ఇంకొంత కలిపితే సగం కన్నా తక్కువెలా వచ్చిందని ఆ పిల్లాణ్నే అడగొచ్చు. ఒకేసారి ఏడు తప్పులు ఏకరువు పెడితే మనిషి బెదిరిపోతారు.

మెంటర్ రాసుకున్నది ప్రిన్సిపాల్ టేబుల్ మీదికి పోకూడదు. ఇంక్రిమెంటుకి ముడిపెడితే చాలు, మెంటర్ వచ్చే రోజుకి ముందే చెప్పేసిన పాఠాన్ని మళ్లీ చెప్పి చూపిస్తారు. అసలు ఇబ్బంది లోపలే ఉండిపోతుంది.

అల్లరి సెక్షన్ కొత్తవాళ్లకే అంటగట్టడం మానాలి. మొదటి పేరెంట్స్ మీటింగ్‌లో మెంటర్ పక్కన కూర్చోవాలి.

ఒక్క టీచరే ఉన్న సర్కారు బడికి డీఎస్సీలో వచ్చినవాళ్లకి స్టాఫ్ రూమే ఉండదు. వాళ్లకి పక్క ఊరి సీనియర్‌ని జత చేసి, వారంలో ఒక సాయంత్రం పావుగంట ఫోనుకి వేళ ఖాయం చేయాలి. ఆ వారం పిల్లల నోట్సుల్లో మూడు పేజీల ఫొటోలు ముందే పంపుకుంటే మాట నేరుగా పాఠం మీదికి వస్తుంది.