సీళ్లు మార్చినా తగ్గని నీలం పొగ: 1995 మోడల్ మారుతి 800

కొత్త వాల్వ్ సీళ్లు (వాల్వు కాడ వెంట ఆయిల్ కిందికి జారకుండా పట్టే రబ్బరు టోపీలు) పడ్డాయి. అయినా సింహాచలం కొండ దిగి, కింద మలుపు దాటాక యాక్సిలరేటర్ తొక్కానో లేదో, అద్దంలో వెనకంతా నీలం పొగ! ఒళ్లు మండిపోయింది. పొద్దున స్టార్ట్ చేయగానే గుప్పున వచ్చే పొగ మాత్రం పూర్తిగా పోయింది. కాబట్టి సీళ్లది ఒక జబ్బు, ఇది ఇంకో జబ్బు.

నల్ల పొగ గొడవ ఎప్పుడో తీరింది. కార్బురేటర్‌లో ఫ్లోట్ లెవెల్ (పెట్రోల్ మట్టం) సరిచేస్తే ఆగిపోయింది. అరకు వైపు చలికాలం పొద్దున్నే కనిపించే తెల్లది ఆవిరే. ఇంజన్ వేడెక్కగానే పోతుంది, రేడియేటర్‌లో నీళ్లూ తగ్గడం లేదు. మిగిలింది నీలం ఒక్కటే. అది ఆయిలే, అందులో అనుమానం లేదు. ఆయిల్ ఎటు నుంచి దిగుతోందన్నదే ప్రశ్న.

రంగు చూసి "రింగులు పోయాయి, బోరు కొట్టించేద్దాం" అనే మేస్త్రీలంటే నాకు పడదు. రింగులంటే పిస్టన్ చుట్టూ ఉండే కడియాలు, అవి అరిగితే ఆయిల్ కింది నుంచి పైకి ఎక్కుతుంది; బోరు కొట్టించడమంటే సిలిండర్ లోపలి గోడని మళ్లీ కోయించడం. మా వీధి చివరి మేస్త్రీ బానెట్ ఎత్తకుండానే ఆ మాట అనేశాడు. పొగ రంగు కన్నా అది వచ్చే సమయం ముఖ్యం. నా బండి ఎక్కుడులో లోడు మీద పొగ కొట్టదు. సెకండ్ గేర్‌లో కాలు తీసేసి కొండంతా దిగాక, మళ్లీ తొక్కినప్పుడే కొడుతుంది. థ్రాటిల్ మూసి ఉండి ఇంజన్ తిరుగుతుంటే మానిఫోల్డ్‌లో (ఇంజన్‌కి గాలి వెళ్లే గొట్టంలో) వ్యాక్యూమ్, అంటే లోపలికి లాగుడు, బాగా పెరుగుతుంది. గేజ్ పెట్టి చూస్తే ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) 17 అంగుళాల పాదరసం, దిగుడులో 22 దాటింది. ఆ లాగుడుకి ఇన్‌లెట్ వాల్వు గైడు (వాల్వు కాడ జారే చిన్న గొట్టం) సందులోంచి ఆయిల్ దిగి చేరుతుంది, తొక్కగానే కాలుతుంది. రింగులదే తప్పయితే ఎక్కుడులోనూ కొట్టాలి కదా.

ఆయిల్ రింగు మసి పట్టి ఇరుక్కుపోతే కంప్రెషన్ బాగానే ఉన్నా ఆయిల్ తాగుతుంది. అందుకని అనుమానం పూర్తిగా వదల్లేదు. ఇంజన్ వేడి మీద, థ్రాటిల్ పూర్తిగా తెరిచి కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుడు ఒత్తిడి) కొలిచాను: ఒకటో సిలిండర్‌లో 158, రెండులో 152, మూడులో 160 పీఎస్ఐ. ఒక్కో సిలిండర్‌లో కాస్త ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే మూడూ 8 పీఎస్ఐ చొప్పున పెరిగాయి. కంప్రెషన్ రింగులు అరిగిపోతే ఈ పెరుగుదల చాలా ఎక్కువ ఉండాలి.

బ్రీదర్ (ఇంజన్ లోపలి ఆవిర్లు బయటికి పోయే దారి) మూసుకుపోయిందేమోనని టాపెట్ కవర్ (హెడ్ మీది మూత) నుంచి ఎయిర్ క్లీనర్‌కి వెళ్లే గొట్టం ఊడదీసి, అటు రంధ్రం మూసేసి, అదే కొండ మళ్లీ దిగాను. తేడా లేదు. హెడ్‌లో ఆయిల్ కిందికి దిగే రంధ్రాలు చూశాను, పోసిన ఆయిల్ నిలవకుండా దిగిపోయింది.

ఆయిల్ సంగతి కూడా చెప్పాలి. 20డబ్ల్యూ-40 నుంచి కాస్ట్రోల్ 20డబ్ల్యూ-50కి మారాను. సీళ్లకు ముందు 450 కిలోమీటర్లకి లీటరు తాగేది, ఇప్పుడు 700కి తాగుతోంది. ఇందులో చిక్కటి ఆయిల్ వాటా కొంత ఉండే ఉంటుంది, విడదీసి చెప్పలేను. పొగ ఆపుతామని అమ్మే డబ్బా మందులు మాత్రం నా గ్యారేజీలోకి రావు. అవి ఆయిల్‌ని చిక్కబరిచి జబ్బుని దాచేస్తాయి, అమ్మేసుకునేవాడికి తప్ప ఉంచుకునేవాడికి పనికిరావు. సీళ్ల విషయంలోనూ అంతే. నల్ల నైట్రైల్ సీళ్లు వేడికి తొందరగా గట్టిపడతాయి, నాలుగు రాళ్లు ఎక్కువైనా వైటాన్ సీళ్లే తీసుకోవాలి. 

ఆధారాలన్నీ రెండో సిలిండర్ దగ్గరే దొరికాయి. ప్లగ్గులు విప్పితే ఒకటి, మూడు ఇటుక రంగులో పొడిగా ఉన్నాయి. రెండోది ఒక పక్క పొడి, ఇంకో పక్క నల్లగా జిడ్డు. వ్యాక్యూమ్ గేజ్ ముల్లు ఐడిల్‌లో గబగబా వణికి, రేస్ చేస్తే నిలకడగా నిలబడింది. అరిగిన గైడుకి ఇది పాత గుర్తు. తర్వాత కార్బురేటర్ తీసి ఎండోస్కోప్ కెమెరా లోపలికి పంపాను. రెండో ఇన్‌లెట్ వాల్వు వీపు మీద మసి గడ్డకట్టి, కాడ చుట్టూ తడిగా మెరుస్తోంది! పక్క రెండు వాల్వుల మీద పల్చటి పొడి మసే ఉంది. పిస్టన్ మీద అంచుల చుట్టూ ఆయిల్ కడిగేసిన జాడ కూడా లేదు. రింగుల మీద అనుమానం అక్కడితో చాలావరకు పోయింది.

ఖాయం చేసుకోవడానికి డయల్ గేజ్ తీశాను. రాకర్లు (వాల్వుల్ని నొక్కే చేతులు) విప్పి, పిస్టన్ పైకి తెచ్చి, స్ప్రింగు తీసేసి, వాల్వుని కాస్త దించి కాడ చివర అటూ ఇటూ ఊపి కొలిచాను. ఇన్‌లెట్లలో ఒకటిది 0.09, మూడుది 0.11, రెండుది 0.27 మిల్లీమీటర్లు! ఎగ్జాస్ట్‌లు మూడూ 0.14 నుంచి 0.16 మధ్యలో ఉన్నాయి. కాడ ఇంత ఊగితే ఎంత మంచి సీలైనా దాన్ని పట్టి ఉండలేదు, పెదవి ఒక పక్క తెరుచుకుంటుంది. ఐడిల్‌లో ఏమీ కనిపించకపోవడం కూడా దీనికి సరిపోతుంది. పొల్యూషన్ టెస్ట్ ఐడిల్‌లోనే కొలుస్తారు, ఇంత పాత బండికి కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం దాకా అనుమతి, నాది 1.8తో నిక్షేపంగా పాసైంది.

రెండోదే ఎందుకు అరిగిందంటే, నా ఊహ ఇది. ఆ రాకర్ టాపెట్ స్క్రూ కొన మీద మెరుపు మచ్చ నడిమధ్యన లేదు, బాగా ఒక అంచుకి ఉంది. మిగతావాటికి మచ్చ మధ్యలోనే పడింది. నొక్కిన ప్రతిసారీ కాడని పక్కకి తోస్తూ గైడుని అండాకారంలో అరగదీసి ఉంటుంది. అందుకే ఆ రాకర్, స్క్రూ కూడా కొత్తవి తెప్పిస్తున్నాను. లేకపోతే కొత్త గైడుకీ అదే గతి.

ఇక హెడ్ దించక తప్పదు. ఆటోనగర్‌లో లేత్ షాపతనితో మాట్లాడాను. అల్యూమినియం హెడ్ కాబట్టి వేడిచేసి పాత గైడు తీసి, ఓవర్‌సైజు గైడు దించి, రీమర్‌తో దాని రంధ్రం సరైన సైజుకి తెచ్చి, ఆ తర్వాత సీటు (వాల్వు కూర్చునే అంచు) కూడా కొత్త గైడుకి సమకేంద్రంగా కోయాలి. సీటు కోత వదిలేసి లాపింగ్‌తో (పేస్టు పెట్టి రుద్దడంతో) సరిపెట్టేస్తామన్న ఇంకో షాపుని అక్కడే వద్దనుకున్నాను. ఒక్కటే మారుద్దామని అతని సలహా. నేను ఆరు గైడులూ మార్పిస్తున్నాను, గాస్కెట్ ఒకసారి చిరిగాక మళ్లీ అదే పనికి దించే ఓపిక నాకు లేదు.

హెడ్ దించి ఉన్నప్పుడే 68.5 మిల్లీమీటర్ల సిలిండర్ బోరుని పైన, మధ్యన, కింద కొలుస్తాను. పైన గోటికి గట్టు తగలకపోతే రింగుల జోలికి వెళ్లను. టైమింగ్ బెల్టు, వాటర్ పంపు ఇదే ఊపులో మారిపోతాయి. షాపు నుంచి తెచ్చేముందు హెడ్‌ని తిప్పి పెట్టి, దహన గదుల్లో పెట్రోల్ పోసి అరగంట చూస్తాను. పోర్టులోకి చెమ్మ కనిపిస్తే సీట్లు మళ్లీ కోయాల్సిందే. బండి రోడ్డెక్కాక అదే సింహాచలం దిగుడు, అదే గేర్‌లో.