మామిడి, అనాస, అరటి స్మూతీ: ఐస్ ముక్క వేయకుండా

ఇంట్లో చేసిన స్మూతీ మొదటి గుక్క కమ్మగా ఉండి, గ్లాసు సగానికి వచ్చేసరికి నీళ్ళనీళ్ళగా మారిందంటే అది ఐస్ చేసిన పని. మిక్సీలో నలిగిన ఐస్ పొడి నిమిషాల్లో కరిగిపోతుంది. 150 గ్రాముల ఐస్ వేస్తే చివరికి 150 మిల్లీలీటర్ల నీళ్ళు పోసినట్టే లెక్క. రుచి పలచబడిందని పంచదార వేస్తాం, తీపి ఎక్కువైందని నిమ్మరసం పిండుతాం, ఈలోపు పండు రుచి ఎక్కడికో పోతుంది. అందుకే పండునే గడ్డకట్టించండి. చల్లదనం, చిక్కదనం రెండూ దాని నుంచే వస్తాయి, నీళ్ళు కలిసే పని ఉండదు.

రెండు పెద్ద గ్లాసులకు కొలతలు ఇవి: గడ్డకట్టిన మామిడి ముక్కలు 200 గ్రాములు, గడ్డకట్టిన అరటి చక్రాలు 100 గ్రాములు (ఒక మోస్తరు పండు), అనాస ముక్కలు 100 గ్రాములు, పలచని కొబ్బరిపాలు 200 మిల్లీలీటర్లు, చెంచా నిమ్మరసం, చిటికెడు ఉప్పు. పండు రెండు వంతులయితే ద్రవం ఒక వంతు, ఈ నిష్పత్తి గుర్తుంటే మిగతాది ఎటైనా మార్చుకోవచ్చు. గట్టి మోటారున్న బ్లెండరయితే 150 మిల్లీలీటర్ల కొబ్బరిపాలతోనే తిరుగుతుంది. మన ఇళ్ళలో ఉండే 500, 750 వాట్ల మిక్సీలకు 200 కావాలి.

అన్నిటికన్నా శ్రద్ధ పెట్టాల్సింది మామిడి మీద. బంగినపల్లి, హిమాయత్ స్మూతీకి చక్కగా సరిపోతాయి. కండ ఎక్కువ, పీచు తక్కువ. చిన్నరసాలు, పెద్దరసాలు రుచిలో వాటికేం తీసిపోవు గానీ ముక్కలు కోస్తే పీచు బ్లేడుకు చుట్టుకుంటుంది, తాగేటప్పుడు పళ్ళ సందుల్లో ఇరుక్కుంటుంది. వాటిని పిసికి రసం తీసి, జల్లెడలో వడకట్టి, ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించుకోండి. పండు బాగా మగ్గి ఉండాలి. ముచ్చిక దగ్గర వాసన చూస్తే తెలుస్తుంది. పైకి పసుపు పచ్చగా మెరుస్తూ ఏ వాసనా లేని పండు లోపల పుల్లగా, తెల్లగా ఉండే అవకాశం ఎక్కువ. కాల్షియం కార్బైడుతో పండ్లు మగ్గబెట్టడం నిషేధం, అయినా బజారులో అలాంటివి ఎదురవుతూనే ఉంటాయి. కోసే ముందు కాయలను గంటసేపు నీళ్ళలో నానబెట్టి, ముచ్చిక వైపు అంగుళం మేర కోసి పారేయండి. అక్కడ సొన మిగిలి ఉంటే గుజ్జుకు ఘాటు పట్టడమే కాక కొందరికి పెదవులు మండుతాయి.

టెంకకు రెండు వైపులా చెక్కలు తీసి, తొక్క ఒలిచి, రెండు సెంటీమీటర్ల ముక్కలుగా కోయండి. అంతకంటే పెద్దవయితే మిక్సీ బ్లేడు కింద ఇరుక్కుంటాయి. స్టీలు పళ్ళెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి రాత్రంతా ఫ్రీజర్లో ఉంచి, పొద్దున్నే జిప్ కవరులోకి మార్చి, గాలి బయటికి నొక్కేసి మూయండి. తిన్నగా కవరులో పోసి పెడితే ముక్కలన్నీ ఒకే బండగా అతుక్కుంటాయి, కావలసినన్ని తీసుకోవడం కుదరదు. మైనస్ 18 డిగ్రీలు నిలబెట్టే డబుల్ డోర్ ఫ్రిజ్‌లో మేలో దాచిన ముక్కలు సంక్రాంతి దాకా బాగుంటాయి. సింగిల్ డోర్ ఫ్రిజ్ పై అరలో అంత చలి ఉండదు, రెండు మూడు వారాల్లో వాడేయాలి. కరెంటు పోయి పూర్తిగా కరిగిన ముక్కలను మళ్ళీ గడ్డకట్టించవద్దు. రెండోసారికి వాటిలో నీరంతా విడిపోయి గుజ్జు నారలా మిగులుతుంది.

అరటిపండు తొక్క మీద గోధుమ రంగు చుక్కలు పడ్డాక వాడితే పంచదార అవసరం రాదు. తొక్క తీశాకే ఫ్రీజర్లో పెట్టాలి. తొక్కతో పెడితే అది నల్లబడి కండకు అతుక్కుపోతుంది, చాకుతో గీకినా రాదు. చక్రాలకు కాస్త నిమ్మరసం పూస్తే రంగు చెడదు. చక్కెరకేళి, అమృతపాణి మంచి వాసన ఇస్తాయి. బజారులో ఎప్పుడూ దొరికే పచ్చ అరటి రకం చిక్కదనం ఇస్తుంది గానీ వాసన తక్కువ. 100 గ్రాములు దాటితే మామిడి రుచి అణిగిపోయి, గ్లాసులో అరటిపండు జ్యూసే మిగులుతుంది.

ఇక అనాస. ఎక్కువమంది స్మూతీ చేదెక్కేది దీని దగ్గరే. అనాసలో బ్రొమెలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది పాలలోనూ పెరుగులోనూ ఉన్న ప్రొటీనును ముక్కలు చేస్తుంది, ఆ ముక్కలే నాలుకకు చేదుగా తగులుతాయి. కలిపిన వెంటనే తాగితే తెలియదు, అరగంట ఆగితే గొంతు దాకా చేదు. గడ్డకట్టిస్తే ఆ ఎంజైమ్ చావదు, వేడి చేస్తేనే చస్తుంది. కాబట్టి పెరుగుతో చేయాలనుకుంటే అనాస ముక్కలను రెండు చెంచాల నీళ్ళతో, మూత పెట్టి, సన్నని మంట మీద ఐదారు నిమిషాలు మగ్గనిచ్చి, పూర్తిగా చల్లార్చి వాడండి. పచ్చి అనాసే కావాలంటే కొబ్బరిపాలతో చేయండి. వాటిలో ప్రొటీను కొద్దిగానే ఉంటుంది కాబట్టి చేదు పెద్దగా రాదు. డబ్బాలో వచ్చే అనాస ముక్కలకు ఈ బాధ లేదు, డబ్బాకెక్కించేటప్పుడే ఉడికి ఉంటాయి. ఏదైనా సరే, నడిమి గట్టి కాడ తీసేయండి. అందులో పీచు ఎక్కువ.

కొబ్బరిపాలకు బదులు మామూలు పాలు పోస్తే ఇంకో చిక్కు. అనాస, నిమ్మ లాంటి పుల్లటి పండ్లు తగిలితే పాలు విరుగుతాయి. పెరుగు ముందే తోడుకున్నది కాబట్టి ఆ భయం లేదు. కొబ్బరిపాల బదులు తియ్యటి, కొత్తగా తోడుకున్న పెరుగు 150 గ్రాములు, నీళ్ళు 50 మిల్లీలీటర్లు తీసుకుంటే చాలు. పులిసిన పెరుగు మాత్రం వద్దు. మామిడి తీపిని మింగేస్తుంది.

కొబ్బరిపాల విషయంలో తరచూ వినిపించే ఫిర్యాదు నాలుకకు మైనంలా తగిలే సన్నని పలుకులు. కొబ్బరి నూనె 24, 25 డిగ్రీల దగ్గరే పేరుకుంటుంది. చిక్కటి పాలు గడ్డకట్టిన పండును తాకగానే అందులోని కొవ్వు గింజలుగా కట్టేస్తుంది. అందుకే పలచని పాలు కావాలి. అర చిప్ప కొబ్బరి తురుముకు గ్లాసు గోరువెచ్చని నీళ్ళు పోసి రుబ్బి పిండితే చిక్కటి పాలు వస్తాయి. అదే పిప్పికి మరో ముప్పావు గ్లాసు పోసి రెండోసారి పిండండి. స్మూతీకి ఈ రెండో పాలే ముఖ్యం, మొదటివి మూడు చెంచాలు కలిపితే కమ్మదనం వస్తుంది. మిగిలినవి కూరలోకి పనికొస్తాయి. ప్యాకెట్ పాలు వాడేవాళ్ళు సమానంగా నీళ్ళు కలిపితే సరి.

మిక్సీకి పెద్ద లిక్విడైజర్ జార్ వాడండి. చట్నీ జార్ వద్దు. దాని మూత రబ్బరులో వెల్లుల్లి వాసన నిలిచి ఉంటుంది, ఎంత కడిగినా చల్లటి స్మూతీలో బయటపడుతుంది. ఫ్రీజర్లోంచి తీసిన ముక్కలను ఐదు నిమిషాలు బయట ఉంచండి. ముందు కొబ్బరిపాలు, తర్వాత అనాస, పైన గడ్డకట్టిన ముక్కలు వేయాలి. జార్ మూడింట రెండు వంతులకు మించి నిండకూడదు. నాబ్ ఎడమకు తిప్పి, రెండేసి సెకన్ల చొప్పున నాలుగైదు సార్లు ఆపుతూ తిప్పండి. ముక్కలు పలుకులుగా విరిగాక రెండో నంబరు మీద అరనిమిషం చాలు. నిమిషం దాటితే బ్లేడు రాపిడికి మిశ్రమం వేడెక్కి పలచబడుతుంది, నురగ కూడా ఎక్కువవుతుంది.

మోటారు తిరుగుతున్న చప్పుడు వస్తూ పైన ముక్కలు కదలకపోతే బ్లేడు చుట్టూ గాలి గూడు కట్టిందని అర్థం. ఆపి, గరిటెతో కిందికి తోసి, రెండు చెంచాల పాలు పోసి మళ్ళీ తిప్పండి. మిక్సీ ఆగిపోతే కంగారు పడవద్దు. ప్లగ్ తీసి, ముక్కలు సగం బయటికి తీసేసి, పది నిమిషాలాగి అడుగునున్న ఎర్ర బటన్ నొక్కండి.

తీపి చివర్లోనే చూడండి. చల్లగా ఉన్నప్పుడు నాలుకకు తీపి తక్కువగా తెలుస్తుంది, కాబట్టి మామూలు పండుగా తిన్నప్పుడు సరిపోయిన తీపి ఇక్కడ చాలకపోవచ్చు. రెండు ఖర్జూరాలు వేడినీళ్ళలో నానబెట్టి మెత్తగా రుబ్బి కలిపితే పంచదారకన్నా నిండుగా ఉంటుంది రుచి. చిటికెడు ఉప్పు మానవద్దు, పండు రుచిని పైకి తెచ్చేది అదే. అనాస మోతాదు పెంచిన రోజు రెండు మిరియాలు దంచి చల్లండి.

మిగతా పండ్లకు ఇదే కొలత నడుస్తుంది గానీ ఒక్కోదానికీ ఒక్కో జాగ్రత్త. బొప్పాయికి తొక్క కింది పచ్చ చారను పూర్తిగా చెక్కేయాలి, చేదు అక్కడే. పైగా బొప్పాయి స్మూతీ నిలవుంటే జెల్లీలా గట్టిపడుతుంది. జామ గింజలు నలిగితే ఇసుక తిన్నట్టుంటుంది, ముందు గుజ్జు చేసి వడకట్టుకోండి. సపోటా దోరగా ఉంటే వగరు, నొక్కితే వేలు దిగేంత మెత్తబడాలి. బాలానగర్ సీతాఫలాలు వచ్చే రోజుల్లో వాటికి మిక్సీ అక్కర్లేదు. గింజలు నలగకూడదు, అవి విషం. జల్లెడ మీద చేత్తో రుద్ది గుజ్జు దించి, చల్లటి పాలలో కవ్వంతో చిలికితే చాలు.

అమెరికాలోనో ఇంగ్లండులోనో ఉన్నవాళ్ళకు సూపర్ మార్కెట్ ఫ్రోజెన్ మామిడి ముక్కలు తేలిగ్గా దొరుకుతాయి, కానీ మన పండు వాసన వాటిలో రాదు. ఇండియన్ స్టోర్‌లో 850 గ్రాముల డబ్బా మామిడి గుజ్జు కొని, 200 గ్రాముల ముక్కలకు మూడు పెద్ద చెంచాలు కలపండి. డబ్బా మీద చూసుకోండి, చాలావాటిలో పంచదార ముందే ఉంటుంది. అప్పుడు ఖర్జూరం మానేయండి. తెరిచిన డబ్బాలో మిగిలిన గుజ్జును అలాగే వదలకుండా ఐస్ ట్రేలో పోసి ఫ్రీజర్లో పెట్టుకోండి.

చేసిన పావుగంటలో తాగేయడం మంచిది. తర్వాత అడుగున నీరు, పైన నురగ విడిపోతాయి. మిగిలితే కుల్ఫీ అచ్చుల్లో పోసి గడ్డకట్టించండి, కాకపోతే పెరుగుతో చేసినదయితే అనాస ఉడికించినదే అయి ఉండాలి. జార్ మాత్రం వెంటనే నీళ్ళతో ఒకసారి తిప్పి కడగండి. ఎండిన మామిడి పీచు బ్లేడు కిందనుంచి బ్రష్షుకు కూడా రాదు.