ఎనిమిదీ పదికి వచ్చిన మెసేజ్

మంగళవారం.

"ఫస్ట్ టూ అవర్స్ లేవు. సార్ ఓడీలో ఉన్నారు." సీఆర్, అంటే క్లాస్ రిప్రజెంటేటివ్, ఈ మెసేజ్ గ్రూపులో పెట్టేసరికి ఉదయం 8.10. హాస్టల్ వాళ్లు మళ్లీ ముసుగు తన్నారు. డే స్కాలర్లు అప్పటికే సగం దారిలో ఉన్నారు. కాలేజీ బస్సు సాయంత్రం నాలుగింటికి గానీ వెనక్కి బయల్దేరదు కాబట్టి దిగిపోయి చేసేదేమీ లేదు.

ఓడీ అంటే ఆన్ డ్యూటీ. వేరే కాలేజీకి ల్యాబ్ పరీక్షలు పెట్టే ఎక్స్‌టర్నల్‌గానో, పేపర్లు దిద్దే స్పాట్ వాల్యుయేషన్‌కో వెళ్లడం. ఆ ఆర్డరు పొద్దున ఎనిమిదింటికి ఊడిపడేది కాదు. మామూలు సీఎల్ (క్యాజువల్ లీవ్) పెట్టాలన్నా చాలా కాలేజీల్లో ఫారంలో క్లాస్ అడ్జస్ట్‌మెంట్ అని గడి ఉంటుంది: ఏ పీరియడ్, ఏ సెక్షన్, బదులు ఎవరు వెళ్తారు, వాళ్ల సంతకం. అంటే రద్దయిన ప్రతి క్లాసు వెనకా ఎవరో ఒకరు "నేను వెళ్తాను" అని సంతకం చేసిన కాగితం ఉండాలి. స్టాఫ్ రూములో ఆ సంతకం మొహమాటానికి పడిపోతుంది, సొంత టైంటేబుల్ చూసుకోకుండానే. తీరా చూస్తే ఆ టైముకి సంతకం పెట్టిన మేడమ్‌కి ఇంకో సెక్షన్‌తో ల్యాబ్. ల్యాబ్ అంటే వరసగా రెండు మూడు పీరియడ్లు, మధ్యలో వదిలి రావడం కుదరదు. తాడు తెగేది ఇక్కడే. తెగిందని తెలిసేది మాత్రం అందరికన్నా చివర సీఆర్‌కి. పాపం, తిట్లన్నీ ఆ అబ్బాయికే.

క్లాసు లేదంటే ఎగిరి గంతేసేవాళ్లు ఒక లెక్క మర్చిపోతారు. జేఎన్‌టీయూ హైదరాబాద్ పరిధిలో సబ్జెక్టులన్నీ కలిపి 75 శాతం హాజరుండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే మెడికల్ సర్టిఫికెట్, ఫీజు, కండోనేషన్ (తక్కువైన హాజరుని మన్నించడం). 65 కూడా లేకపోతే డిటెన్షన్, అంటే ఆ సెమిస్టర్ పరీక్షలు రాయనివ్వరు. ఇప్పుడు 300 పీరియడ్లు జరిగి 216కి హాజరైనవాడిని తీసుకోండి. 72 శాతం. ఎన్ని వరసగా వింటే 75కి వస్తాడు? జరిగినవి మూడింతలు చేసి, హాజరైనవి నాలుగింతలు తీసేయాలి: 900లోంచి 864 పోగా 36. రోజుకి ఆరు పీరియడ్లు సక్రమంగా జరిగితే ఆరు రోజుల పని. రోజూ రెండు ఎగిరిపోతే తొమ్మిది రోజులు. సెమిస్టర్ చివర ఆ మూడు రోజులు ఎక్కడ దొరుకుతాయి? 75 పైన ఉన్నవాడికి రద్దు సెలవు, కింద ఉన్నవాడికి పూడ్చుకునే దారి మూసుకుపోవడం.

సిలబస్ సంగతి సరేసరి. మొదటి మిడ్ పరీక్షకి సబ్జెక్టులోని అయిదు యూనిట్లలో రెండున్నర అవ్వాలి. వారానికి మూడు పీరియడ్లున్న సబ్జెక్టులో రెండు పోయాయంటే ఆ వారం దాదాపు లేనట్టే. సోమవారం, శనివారం పీరియడ్లు పడిన సబ్జెక్టుకి పండగలూ రెండో శనివారాలూ తోడై ఇంకా చిక్కిపోతుంది. ఆ లోటంతా ఎక్స్‌ట్రా క్లాసుగా తిరిగొస్తుంది. రెండు గంటలు వరసగా, పీపీటీ మీద పీపీటీ. అక్కడా అటెండెన్స్ వేస్తారు. రాకపోతే జరిగిన లెక్కలో ఒకటి పెరిగి శాతం ఇంకా తగ్గుతుంది. వాళ్లు రద్దు చేసిన క్లాసుకి మనకి ఆబ్సెంట్ అన్నమాట!

అందుకే మెసేజ్ రాగానే "ఓకే" కొట్టి ఊరుకోకూడదు. క్లాసు రద్దా, అడ్జస్టా, ఇంకో సబ్జెక్టుతో మార్పా అని అడగాలి. అడ్జస్ట్ అయితే హాజరు ఏ సబ్జెక్టు కింద పోస్ట్ చేస్తారో కూడా. తారీఖు, పీరియడ్, సబ్జెక్టు, కారణం నోట్‌బుక్ చివరి పేజీలో రాసి పదిహేను రోజులకోసారి కాలేజీ అటెండెన్స్ పోర్టల్‌తో పోల్చుకుంటే, జరగని క్లాసుకి పడిన ఆబ్సెంట్ బయటపడుతుంది. అప్పుడే వెళ్లి చెబితే సార్ రెండు నిమిషాల్లో దిద్దేస్తారు. సెమిస్టర్ ఆఖరి వారం వెళ్తే హాజరు లిస్టు పైకి వెళ్లిపోయిందంటారు, అది అబద్ధమూ కాదు.

ఇవాళ్టి రెండు గంటలు లైబ్రరీలో ల్యాబ్ రికార్డు రాయడానికి సరిపోయాయి. మూడో అవర్ బెల్లు కొట్టేలోగా ఇంకో మెసేజ్: పొద్దున పోయిన రెండు క్లాసులూ ఈ శనివారం 9 నుంచి 11 వరకు.

ఈ శనివారం రెండో శనివారం. బస్సు రాదు.