అఖ్తలా గోడల ముందు తాపీమేస్త్రి కొడుకు

మా అమ్మాయి యెరెవాన్‌లో ఎంబీబీఎస్ మూడో ఏడు చదువుతోంది. ఆ మాట అనగానే మా ఊళ్లో అందరూ "అదెక్కడ?" అనే అడుగుతారు. పైన జార్జియా, పడమట టర్కీ, కింద ఇరాన్, మధ్యలో ఇరుక్కున్న చిన్న దేశం ఆర్మేనియా అని మూడేళ్లుగా చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. కిందటి మే నెలలో నేనూ మా ఆవిడా వెళ్లాం. గోంగూర పచ్చడి సీసాలు విమానంలో పడ్డ పాట్లు వేరే కథ.

గార్ని గుడి, గెఘార్డ్, ఖోర్ విరాప్ మఠాలు అందరూ చూసేవే, మేమూ చూశాం. నాలుగో రోజుకి నాకో అనుమానం పట్టుకుంది. ఇన్ని చర్చిలు తిరిగాం కదా, వీళ్ల గోడల మీద బొమ్మలుండవేమిటి? బయటంతా చెక్కడాలే. ఖచ్కార్ అని, నిలువెత్తు రాతిపలక మీద సిలువ చెక్కి దాని చుట్టూ అల్లిక పని చేస్తారు, చూస్తే ముగ్గు గుర్తొస్తుంది. లోపలికి వెళ్తే మాత్రం ఉత్త రాయి, చీకటి, సన్నటి కొవ్వొత్తులు. "బొమ్మలు చూడాలంటే అఖ్తలా మఠానికి వెళ్లాలి నాన్నా, నాలుగ్గంటల ప్రయాణం" అంది మా అమ్మాయి.

నిజానికి నేను బొమ్మల మనిషిని కాను. మా నాన్న తాపీమేస్త్రి. గానుగ సున్నం రోజులు చూసినవాడు. సున్నంలో బెల్లం నీళ్లూ కరక్కాయ నీళ్లూ ఎంత పాళ్లలో పొయ్యాలో వేలితో రుద్ది చెప్పేవాడు. బడి సెలవుల్లో ఆయన వెనక తట్ట మోశాను. ఏ గుడికెళ్లినా దేవుడి కంటే ముందు గోడకేసి చూసే అలవాటు నాకు అక్కడే అంటుకుంది. మా ఆవిడ దాన్ని రోగం అంటుంది.

తెల్లారి ఆరింటికి బయల్దేరాం. అపరాన్ దాటాక స్పితాక్. 1988 డిసెంబరు భూకంపంలో నేలమట్టమైన ఊరు అదే. ఇప్పుడు మామూలు ఊరిలాగే ఉంది. వనాద్జోర్ దాటితే దెబెద్ నది పక్కన పడతాం. కొండలు అనడానికి లేదు, పైనంతా చదునైన పీఠభూమి. దాన్ని నది కత్తితో కోసినట్టు కోసుకుంటూ కిందికి దిగిపోయింది. ఊళ్లూ పొలాలూ పైన, రోడ్డూ రైలూ కింద. రాగి ఖనిజం ఉన్న నేల ఇది. అలావెర్దిలో మూతపడ్డ రాగి ఫ్యాక్టరీ తుప్పు రంగులో కనబడింది. అఖ్తలాకి పాత పేరు ప్ఘింద్జాహాంక్. నాకు నోరు తిరగలేదు కానీ అర్థం తేలికే, రాగి గని.

దారిలోనే సనాహిన్, హఘ్‌పాట్ మఠాలు. రెండూ పదో శతాబ్దంలో మొదలైనవి, యునెస్కో జాబితాలో ఉన్నవి. హఘ్‌పాట్ మండపంలో కమానులు ఒకదాన్నొకటి అడ్డంగా దాటుకుంటూ కప్పును మోస్తుంటే నోరు వెళ్లబెట్టి చూశాను. అక్కడి గర్భగుడి గోడ మీద కూడా వెలిసిపోయిన బొమ్మలు కొన్ని ఉన్నాయి. అయినా గుర్తుండేది రాయే.

ఈ మూడు చోట్లనూ కలిపి చూస్తేనే అసలు కథ తెలుస్తుంది. జకారే, ఇవానే అని ఇద్దరు అన్నదమ్ములు. జార్జియా రాణి తామార్ దగ్గర సేనాధిపతులు. 1199 ప్రాంతంలో షద్దాదీలనే కుర్దు పాలకుల నుంచి ఆనీ నగరాన్ని విడిపించి, ఉత్తర ఆర్మేనియా అంతా ఏలారు. జకారే కడదాకా ఆర్మేనియన్ చర్చిలోనే ఉన్నాడు, 1212లో పోతే సనాహిన్‌లో పూడ్చారు. ఇవానే మాత్రం జార్జియన్ల శాఖలో కలిసిపోయాడు. శాఖల గొడవ 451లో క్రైస్తవ మతాచార్యులు కాల్సిడన్‌లో జరిపిన సభ నాటిది. క్రీస్తులో దైవత్వం, మానవత్వం అని రెండు స్వభావాలున్నాయని ఆ సభ తేల్చింది. గ్రీకులూ, తరవాత జార్జియన్లూ ఒప్పుకున్నారు, ఆర్మేనియన్లు ఒప్పుకోలేదు. మా అమ్మాయి ఇదంతా చెబుతుంటే "ద్వైతం, అద్వైతం లాంటిదన్నమాట" అన్నాను. "అంత తేలిక కాదులే నాన్నా" అంది. ద్వైతాద్వైతాలు మాత్రం తేలికా!

ఇవానే ఆ శాఖకి మారాక అఖ్తలా మఠాన్నీ మార్చేశాడు. గోడల నిండా గ్రీకు చర్చిల బైజాంటిన్ పద్ధతిలో 1205, 1216 మధ్య బొమ్మలు వేయించారు. 1227లో పోయాక ఆయన్నీ ఇక్కడే పూడ్చారు. అంటే అన్నదమ్ముల మతం తేడా కళ్లతో చూడాలంటే సనాహిన్ గోడ చూసి అఖ్తలా గోడ చూస్తే చాలు.

కానీ మేం వెళ్లేసరికి అఖ్తలా గోడ చూసే యోగం లేదు. తాళం! తాళంచెవి ఉన్నాయన భోజనానికి వెళ్లాడట. గంటకు పైగా కూర్చున్నాం. మా ఆవిడ పులిహోర పొట్లం విప్పింది. నేను బయట ఒక చుట్టు తిరిగొచ్చాను.

చోటు గొప్పగా ఎంచుకున్నారు. మూడు వైపులా లోయ, నాలుగో వైపు కోట గోడ, గుండ్రటి బురుజు పక్కన ద్వారం. ఈ కోట పదో శతాబ్దంలో కట్టింది, చర్చి కంటే ముందుది. చర్చికి నడినెత్తిన ఉండాల్సిన గోపురం లేదు. ఎప్పుడో కూలింది, దాని చోట పొట్టి కప్పు ఒకటి తరవాత పెట్టారు. తలపాగా తీసేసిన పెద్దమనిషిలా ఉంది. గోడ మీద కిటికీల పైన ఎత్తుగా చెక్కిన పెద్ద పెద్ద సిలువలు. కట్టుబడి మాత్రం ఆర్మేనియన్ మేస్త్రీలదే. లోపలా బయటా చెక్కిన రాయి పలకలు నిలబెట్టి, నడుమ రాళ్లూ సున్నం అడుసూ పోసి బిగించడం వీళ్ల పద్ధతి. ఆ నడిమి ముద్దే గట్టిపడి గోడను మోస్తుంది, పైకి కనబడే రాయి చొక్కా లాంటిది. ఒకచోట పలక ఊడి లోపలి ముద్ద కనబడింది. వేలు పెట్టి గీకబోతే మా అమ్మాయి చెయ్యి లాగేసింది.

రెండున్నరకి తాళంచెవాయన వచ్చాడు. "హింద్కస్తాన్?" అని అడిగాడు. ఇండియాని వాళ్లు అలాగే అంటారు. ఫోన్‌లో ఫ్లాష్ వెయ్యొద్దని సైగ చేసి తలుపు తీశాడు.

లోపల అడుగుపెట్టగానే నీలం. ముందు బొమ్మలు కనబడవు, నీలమే కనబడుతుంది. ఆరు రోజులుగా గోధుమ రంగు రాయి, నల్ల రాయి చూసిన కళ్లకి అది దెబ్బ కొట్టినట్టే ఉంటుంది. ఆలస్యం కావడమే మంచిదైంది, పడమటి కిటికీల్లోంచి ఎండ తిన్నగా గర్భగుడి మీద పడుతోంది. అర్ధచంద్రాకారపు గోడ పైభాగంలో సింహాసనం మీద మేరీమాత. చాలా పెద్ద బొమ్మ. ముఖం లేదు. అక్కడ గచ్చు రాలిపోయి రాయి బయటపడింది. చీర కుచ్చిళ్లలాంటి వస్త్రం మడతలూ సింహాసనమూ ఉన్నాయి, ముఖం చోట మాత్రం రాయి. "అయ్యో, మొహమే పోయిందేంటండీ!" అంది మా ఆవిడ. అంది కానీ చాలాసేపు అక్కణ్నుంచి కదల్లేదు.

దాని కింద వరసలో క్రీస్తు శిష్యులకు ప్రసాదం పెడుతున్నాడు. ఇక్కడే నేను తికమక పడ్డాను, ఒకే బొమ్మలో క్రీస్తు రెండుసార్లు ఉన్నాడు. ఒక పక్క రొట్టె ఇస్తున్నాడు, ఇంకో పక్క ద్రాక్షారసం. శిష్యులు రెండు వైపుల నుంచీ బారులు తీరి వంగి వస్తున్నారు. ఎవరి వంపు వాళ్లదే. ముందున్నవాడు చేతులు చాచి ఒంగిపోయాడు, వెనకవాడు తన వంతు ఎప్పుడా అన్నట్టు చూస్తున్నాడు. ఆ కింద రెండు వరసల్లో మతాచార్యులు నిటారుగా నిలబడ్డారు. వాళ్లలో గ్రెగరీ ఒకడు, ఆర్మేనియాకి క్రైస్తవం తెచ్చినవాడిగా ఇక్కడివాళ్లు కొలిచే మనిషి. శాఖ మారినా ఇవానే ఆయన్ని వదులుకోలేదు! బొమ్మల పక్కన రాతలు మాత్రం ఎక్కువగా గ్రీకు, జార్జియన్.

నేను మాత్రం గచ్చు అంచుల దగ్గర ఆగిపోయాను. బొమ్మ రాలిన చోట పూత మందం కనబడుతుంది. ఇలాంటి పనికి గోడంతా ఒకేసారి పూత వెయ్యరు. మంచె మీద నిలబడి పైనుంచి కిందికి, ఆ పూటకి ఎంత చేతికి వస్తుందో అంతే పూస్తారు. సున్నం తడి ఆరకముందే రంగు పడితే అది సున్నంతో పాటే గట్టిపడి గోడలో కలిసిపోతుంది. ఆరాక వేసిన రంగు పైపైనే ఉంటుంది, పెచ్చులుగా లేస్తుంది. చిత్రకారుడు కుంచె పట్టుకుని కూర్చుంటే సరిపోదు, పక్కన పాళ్లు తెలిసిన మేస్త్రి ఉండాలి. ఎనిమిది వందల ఏళ్ల నాటి ఆ మేస్త్రి పేరు ఎక్కడా లేదు. ఇవానే పేరుంది.

పడమటి గోడ మీద చివరి తీర్పు. వెళ్లేటప్పుడు కనబడాలని అక్కడ వేస్తారు, ప్రార్థన అయ్యి వెనక్కి తిరిగినవాడికి నరకం ఎదురొస్తుంది. పక్క గోడలంతా మనుషులే, కమానుల అడుగున కూడా సన్యాసులు. మా లేపాక్షిలో కప్పు వైపు చూసి మెడ నొప్పెట్టించుకున్నట్టే ఇక్కడా అయింది. అక్కడి బొమ్మలు కథ చెబుతూ సాగిపోతాయి, ఇక్కడివాళ్లు తిన్నగా మన కళ్లల్లోకే చూస్తారు.

తాళంచెవాయన ఇంకో సంగతి చెప్పాడు, మా అమ్మాయి తెలుగు చేసింది. పద్దెనిమిదో శతాబ్దంలో గనుల పనికి గ్రీకులు ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారట. ఇప్పుడు వాళ్లు చెల్లాచెదురైపోయినా సెప్టెంబరు 20, 21 తేదీల్లో వాళ్ల వారసులు పండక్కి ఇక్కడికే వస్తారు. చర్చి ఇప్పుడు ఆర్మేనియన్లదే.

బయటికొస్తుంటే మా డ్రైవరు ఇసక నింపిన పళ్లెంలో కొవ్వొత్తి గుచ్చుతున్నాడు. పొద్దున సనాహిన్‌లోనూ ఇదే చేశాడు. ఇది వేరే శాఖవాళ్లు రంగులేయించిన గుడి కదా, ఇక్కడ కూడానా అని అడగమన్నాను. అమ్మాయి మొహమాటపడుతూనే అడిగింది. అతను భుజాలెగరేసి ఏదో అని నవ్వాడు.

"ఏమన్నాడే?"

"అక్కడా వంద ద్రాములే, ఇక్కడా వంద ద్రాములే అంటున్నాడు నాన్నా."

నేనూ వంద ద్రాములిచ్చి ఒకటి కొన్నాను. మేస్త్రి పేరు తెలియదు కాబట్టి, మా నాన్న పేరు చెప్పుకుని గుచ్చాను.